పదో తరగతి తర్వాత ఒక ఏడాది అమెరికా బడిలో: ఎక్స్ఛేంజ్ విద్యార్థిని పంపే ఇంటికి సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో దిగిన మొదటి రాత్రి అర్ధాకలితో పడుకుంది. తిండి లేక కాదు. ఆ ఇంటావిడ "ఇంకొంచెం పెట్టనా?" అని అడిగింది. మా పిల్ల మర్యాదకు "వద్దండి" అంది. ఆవిడ సరేనని గిన్నె తీసేసింది. మన ఇళ్లలో వద్దండి అనడం మాటకు మొదలు మాత్రమే. రెండోసారి అడుగుతారు, మూడోసారి అడగకుండానే కంచంలో వేసేస్తారు. అక్కడ వద్దు అంటే వద్దే. మూడో రోజు ఫోన్‌లో ఈ సంగతి చెప్పి ఏడ్చింది. ఏడాది పాటు వీసా అనీ, టీకాలనీ, సూట్‌కేసు తూకమనీ పరుగులు పెట్టిన మాకు ఈ చిన్న సంగతి చెప్పి పంపాలని తట్టలేదు.

అందుకని కాగితాల పనితో పాటు ఇంట్లో నేర్పాల్సిన పని కూడా ఇందులో రాస్తున్నాను. రెండోదానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

దారి ఏదో ముందు తేల్చుకోండి

హైస్కూలు ఎక్స్ఛేంజ్ అంటే ఒక అమెరికన్ కుటుంబంతో కలిసి ఉంటూ, అక్కడి బడిలో ఒక విద్యా సంవత్సరం చదివి తిరిగి రావడం. దీనికి ఇచ్చేది జే-1 వీసా. ఈ వీసా మీద వెళ్లే పిల్లలకు ఇల్లు, తిండి ఇచ్చే కుటుంబం డబ్బు తీసుకోదు. కార్యక్రమం మొదలయ్యే నాటికి వయసు 15 ఏళ్లు నిండి, పద్దెనిమిదిన్నర దాటకుండా ఉండాలి. కిండర్‌గార్టెన్ కాక 11 ఏళ్లకు మించి చదువు పూర్తయి ఉండకూడదు. మన లెక్కలో చెప్పాలంటే పదో తరగతి అయ్యాక గానీ, ఇంటర్ మొదటి సంవత్సరం అయ్యాక గానీ వెళ్లవచ్చు. ఇంటర్ పూర్తయితే ఆ తలుపు మూసుకుపోయినట్టే.

పంపే సంస్థలు రకరకాలు. ఏఎఫ్ఎస్ పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో అంబులెన్సులు నడిపిన స్వచ్ఛంద సేవకుల సంఘంగా పుట్టి, 1947 నుంచి విద్యార్థులను దేశాలు దాటిస్తోంది. రోటరీ క్లబ్బుల యూత్ ఎక్స్ఛేంజ్ ఇంకొకటి. అందులో పిల్లలు సాధారణంగా ఒకటికి మించిన ఇళ్లలో ఉంటారు, అమెరికాకే కాక ఐరోపా, దక్షిణ అమెరికా దేశాలకూ వెళ్తారు. రోటరీ పిల్లలు తొడుక్కునే కోటు నిండా ఇతర దేశాల పిల్లలతో మార్చుకున్న బ్యాడ్జీలు గుచ్చి ఉంటాయి. ఏడాది చివరికి ఆ కోటు బరువు చూస్తే నవ్వొస్తుంది. మూడోది అమెరికా ప్రభుత్వం డబ్బు పెట్టే కెన్నెడీ-లూగర్ యెస్ కార్యక్రమం. ఎంపికైతే ఖర్చు దాదాపు అంతా వాళ్లదే, పోటీ కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ప్రభుత్వ నిధులతో నడిచేది కాబట్టి ఆ ఏడాది మన దేశం నుంచి తీసుకుంటున్నారో లేదో ముందే కనుక్కోవాలి. ఇంకొక మెలిక కూడా ఉంది. ప్రభుత్వ సొమ్ముతో వెళ్లి వచ్చినవారు తర్వాత హెచ్-1బీ వంటి కొన్ని వీసాలు కోరాలంటే ముందు రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అంత దూరం ఇప్పుడే ఎందుకు అనిపించవచ్చు. మన పిల్లల్లో ఎంతమంది ఆరేళ్ల తర్వాత మళ్లీ ఆ దారే పడతారో మీకూ తెలుసు.

ఒక హెచ్చరిక. "ఊరు మీరే ఎంచుకోండి, మీ బంధువుల ఇంటి పక్కనే సీటు ఇప్పిస్తాం" అని ఏ కన్సల్టెన్సీ అయినా అంటే అది ఎక్స్ఛేంజ్ కాదు. వాళ్లు చెబుతున్నది చాలావరకు ఎఫ్-1 వీసా మీద ఫీజు కట్టి చదివే ప్రైవేటు బడి గురించే. అదీ ఒక దారే, కాని ఖర్చు వేరు, నియమాలు వేరు. జే-1లో ఊరు మీ చేతిలో ఉండదు. కుటుంబం దొరికిన చోటికి వెళ్లడమే. అది చాలాసార్లు మొక్కజొన్న చేల మధ్య మూడు నాలుగు వేల జనాభా ఉన్న ఊరు అవుతుంది. మా అమ్మాయికి అమెరికా అంటే న్యూయార్క్ అనే ఊహ ఉండేది. విమానం దిగి గంటన్నర కారులో వెళ్తే కనిపించినవన్నీ మొక్కజొన్న చేలేనని చెప్పింది.

ఇంటర్ లెక్క, స్థానికత లెక్క

ఎక్కువ కుటుంబాలు వెనక్కి తగ్గేది ఇక్కడే. మాటలు మెత్తగా చెప్పి లాభం లేదు, ఒక ఏడాది పోతుంది. అక్కడ చదివిన ఏడాదిని ఇంటర్ మొదటి సంవత్సరంగా లెక్కగడతారన్న ఆశ పెట్టుకోకండి. నా సలహా పదో తరగతి పూర్తి చేసి వెళ్లడం. చేతిలో మెమో ఉంటుంది, తిరిగొచ్చాక జూన్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరవచ్చు. మొదటి సంవత్సరం రాసి వెళ్తే రెండో సంవత్సరానికి సీటు ఉంచుతారా, ఏడాది మరిచిపోయిన లెక్కలూ భౌతికశాస్త్రమూ మళ్లీ ఎలా అందుకోవాలి అన్న తలనొప్పి మిగులుతుంది.

రెండోది స్థానికత, అంటే కాలేజీ సీట్లలో స్థానికుల కోటాకు అర్హత. దీని గురించి ఏ సంస్థ వాళ్లూ మీకు చెప్పరు, వాళ్లకు తెలియదు కూడా. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదవడం స్థానికతకు ప్రధానమైన కొలత. తెలంగాణలో వైద్యవిద్య సీట్లకు 2024లో తెచ్చిన నిబంధన కూడా తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు రాష్ట్రంలో చదవాలనే అంటుంది. తొమ్మిది, పది ఇక్కడ చదివి, ఒక ఏడాది అయోవాలో గడిపి, మళ్లీ ఇంటర్ ఇక్కడ చదివితే ఆ వరుస తెగినట్టా కాదా? ఇది కౌన్సెలింగ్ హాల్లో నిలబడి తేల్చుకునే విషయం కాదు. వెళ్లకముందే ప్రవేశాలు చూసే అధికారులకు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, మండల కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి. పిల్లవాడి గురి ఎంబీబీఎస్ సీటు ఒక్కటే అయితే, ఆ జవాబు చేతికి రాకుండా విమానం టికెట్టు కొనవద్దని నా అభిప్రాయం.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆగస్టులో విమానం ఎక్కాలంటే అంతకు ముందటి ఏడాది జూన్‌లోనే, అంటే పదో తరగతి బడి తెరిచినప్పుడే పని మొదలవుతుంది. వానాకాలంలో సంస్థల దరఖాస్తులు వస్తాయి. దసరా, దీపావళి మధ్య రాతపరీక్షలు, ఇంటర్వ్యూలు నడుస్తాయి. చాలా సంస్థలు ఎల్టిస్ అనే ఇంగ్లిషు పరీక్ష రాయిస్తాయి. వినడం, చదవడం మీదే ప్రశ్నలు ఉంటాయి, వ్యాకరణం బట్టీ పడితే గట్టెక్కే పరీక్ష కాదు. పది పరీక్షలకు ముందు మూడు నెలలు ఈ పనులేవీ పెట్టుకోకుండా చూసుకోండి. కుటుంబం దొరికిందన్న కబురు మార్చిలో రావచ్చు, జులై ఆఖరులోనూ రావచ్చు. పక్కింటి పిల్లకు వచ్చి మీ పిల్లకు రాకపోతే కంగారు పడకండి.

పాస్‌పోర్టు మాత్రం మొదటి నెలలోనే. మైనర్ కాబట్టి తల్లిదండ్రులిద్దరి సంతకాలతో అనుబంధం-డి ఇవ్వాలి. 15 ఏళ్లు దాటినవారు కోరితే పదేళ్ల చెల్లుబాటు ఉన్న పాస్‌పోర్టు తీసుకోవచ్చు, లేదంటే ఐదేళ్లు లేదా 18 నిండేదాకా, ఏది ముందైతే అది. పద్దెనిమిదికి దగ్గర పడుతున్న పిల్లలకు పదేళ్లదే నయం. ఏడాది మధ్యలో గడువు తీరితే అక్కడ దౌత్య కార్యాలయం చుట్టూ తిరగాలి.

ఇంటిపేరు దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం మాత్రమే ఉంటుంది, పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అలా వదిలితే అమెరికా వీసాలో అసలు పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ తర్వాత బడి రికార్డు నుంచి బ్యాంకు దాకా అందరూ పిల్లను ఎఫ్ఎన్‌యూ అనే పిలుస్తారు. మెమో, ఆధార్, పాస్‌పోర్టు మూడింటిలో పేరు ఒకేలా ఉండేలా ముందే దిద్దించుకోండి.

ఆతిథ్య కుటుంబానికి రాసే ఉత్తరం

దరఖాస్తులో ఎంతో ముఖ్యమైన కాగితం, మనం ఎంతో తేలిగ్గా తీసుకునే కాగితం ఇదే. ఎక్కడో ఒక భార్యాభర్తలు రాత్రి భోజనాలయ్యాక పదిమంది పిల్లల ఉత్తరాలు ముందేసుకుని చదువుతారు. అందులో ఒకరిని తమ ఇంటికి పిలుచుకోవాలి. మా అమ్మాయి మొదటి ప్రతిలో రాసిన వాక్యాలు ఇవి: "నేను కష్టపడే స్వభావం కల విద్యార్థిని. క్రమశిక్షణ, నిజాయితీ నా బలాలు. అమెరికా సంస్కృతిని తెలుసుకోవాలని నా ఆశయం." ఇందులో అబద్ధమేమీ లేదు. కాని ఈ మూడు వాక్యాలు ఏ పిల్లవైనా కావచ్చు.

రెండో ప్రతిలో ఇలా రాసింది: "రోజూ సాయంత్రం తాతయ్యకు పేపరు చదివి వినిపిస్తాను. ఆయనకు కళ్లు సరిగ్గా కనిపించవు, కాని క్రికెట్ వార్తలో నేను ఒక్క వాక్యం దాటేసినా పట్టేస్తారు. మా తమ్ముడికీ నాకూ రిమోట్ కోసం రోజూ గొడవే, ఎక్కువసార్లు నేనే గెలుస్తాను. నాకు కుక్కలంటే కొంచెం భయం, కాని అలవాటు చేసుకోవాలని ఉంది." ఆ కుటుంబం తర్వాత చెప్పిన మాట ఏమిటంటే, ఆ తాతయ్య, ఆ కుక్క భయం చదివే ఎంచుకున్నారట. వాళ్ల ఇంట్లో ఒక ముసలి కుక్క, పక్క గదిలో ఎనభై దాటిన అమ్మమ్మ ఉన్నారు.

ఫోటోల్లోనూ అంతే. పట్టుపరికిణీలో స్టూడియోలో తీయించినది ఒకటి చాలు. మిగతావి వంటింట్లో, డాబా మీద బట్టలు ఆరేస్తూ, బడి మైదానంలో, ఊళ్లో తిరునాళ్లలో తీసినవి పెట్టండి. తిండి విషయంలో నిజం రాయండి. మాంసం తినకపోతే తినననీ, గుడ్డు తింటే తింటాననీ, ఒకే గిన్నెలో వండితే ఫర్వాలేదో కాదో స్పష్టంగా రాయాలి. శాకాహారమని రాస్తే కుటుంబం దొరకదేమోనని దాచినవారు అక్కడికి వెళ్లాక రోజూ రొట్టె, జున్నుతో సరిపెట్టుకున్న సంగతులు విన్నాను.

టీకాలు

అక్కడ టీకాల రుజువు లేకుండా బడిలో కూర్చోనివ్వరు. ఏయే టీకాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మన ఇబ్బంది ఏమిటంటే, మన పిల్లలకు వేసినవీ వాళ్లు అడిగేవీ పూర్తిగా కలవవు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ రెండు డోసులు అడుగుతారు. మన ప్రభుత్వ పట్టికలో గవదబిళ్లల టీకా లేదు. ఆటలమ్మ టీకా కూడా అందులో లేదు, అక్కడ రెండు డోసులు కావాలి, 13 ఏళ్లు దాటినవారికి రెండింటి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి ఉంటే డాక్టరు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, కొన్నిచోట్ల రక్తపరీక్ష అడుగుతారు. మన దగ్గర 10, 16 ఏళ్లకు వేసేది ధనుర్వాతం, కంఠసర్పిలకు కాచే టీడీ. వాళ్లు అడిగేది కోరింత దగ్గుకు కూడా కాచే టీడ్యాప్. హెపటైటిస్-బి, పోలియో లెక్కలు కూడా చూసుకోండి. చాలా రాష్ట్రాలు మెనింజైటిస్ టీకా అడుగుతాయి. ఆగస్టు ప్రయాణానికి ఏప్రిల్‌లో పిల్లల డాక్టరును కలిస్తేనే డోసుల మధ్య వ్యవధి కుదురుతుంది.

క్షయ పరీక్ష దగ్గర జాగ్రత్త. పుట్టగానే బీసీజీ వేయించుకున్న మన పిల్లలకు చర్మం మీద చేసే పరీక్షలో వాపు వచ్చి, లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ పరీక్ష కాకుండా ఐజీఆర్ఏ అనే రక్తపరీక్ష చేయించమని అడగండి.

బీమా కార్యక్రమంలోనే ఉంటుంది. జే-1 నియమాల ప్రకారం ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల రక్షణ ఉండాలి. కాని పళ్లు, కళ్లజోళ్లు సాధారణంగా దాని కిందికి రావు. పంటి పని ఏదైనా ఉంటే ఇక్కడే చేయించండి. రెండో కళ్లజోడు, దాని నంబరు రాసిన చీటీ సంచిలో పెట్టండి.

వీసా

కుటుంబం, బడి ఖరారయ్యాక సంస్థ డీఎస్-2019 ఫారం పంపుతుంది. జే-1 వీసాకు పిల్ల అర్హురాలని చూపే పత్రం అది. అది రాగానే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము 220 డాలర్లు, వీసా రుసుము 185 డాలర్లు కట్టాలి. యెస్ లాంటి ప్రభుత్వ కార్యక్రమాల పిల్లలకు సెవిస్ రుసుము ఉండదు. డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, అపాయింట్‌మెంట్ తీసుకుని, ఇంటర్వ్యూకు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కు వెళ్లాలి. 2025 జూన్ నుంచి ఈ తరహా వీసాలు కోరేవారు తమ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలంటున్నారు. పిల్లల ఖాతాలో ఏముందో ఒకసారి వాళ్లతో కూర్చుని చూడండి. తిట్టడానికి కాదు, దరఖాస్తులో రాసిన వివరాలకూ ఖాతాలో ఉన్నవాటికీ తేడా రాకుండా.

ఇంటర్వ్యూలో జవాబు చెప్పాల్సింది పిల్ల. ఎందుకు వెళ్తున్నావు, ఎవరి ఇంట్లో ఉంటావు, తిరిగొచ్చి ఏం చదువుతావు అన్న మూడింటికీ తన మాటల్లో చెప్పగలిగితే చాలు. బట్టీ పట్టించిన జవాబు ఎదుటివారికి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. డీఎస్-2019ను ప్రయాణం రోజున సూట్‌కేసులో పెట్టి తూకానికి ఇచ్చేయకండి. దిగగానే చూపించాల్సింది దాన్నే.

నాలుగు నెలల ఇంటి శిక్షణ

ఏప్రిల్‌లో పది పరీక్షలు అయిపోతాయి. ఆగస్టు దాకా ఖాళీ. ఆ నాలుగు నెలలూ ఏదో ఒక కోచింగ్‌లో పడేయాలని మనకు చేతులు దురద పెడతాయి. పెట్టనివ్వండి, పడేయకండి. చదువుకోవడం ఒక్కటే నీ పని అని పదిహేనేళ్లు చెప్పి పెంచిన పిల్ల రేపు ఒక ఇంటి సభ్యురాలిగా బతకాలి. అతిథిగా వారం రోజులు ఉండవచ్చు, పది నెలలు కుదరదు.

మొదటి నెల తన కంచం, తన బట్టలు, తన పక్క తనవే. పిలిచి గుర్తుచేయకూడదు. రెండో నెల ఇంటి పనిలో ఒకటి పూర్తిగా అప్పగించండి, చెత్త బయట పెట్టడమో, రాత్రి గిన్నెలు కడగడమో. అక్కడ గిన్నెలు కడిగే యంత్రం ఉంటుంది, కాని అందులో సర్దడం, ఆరాక తీసి అరల్లో పెట్టడం ఎవరో ఒకరి వంతు. మూడో నెల మూడు వంటలు నేర్పండి. మా అమ్మాయి టమాటా పప్పు, పులిహోర, బంగాళాదుంప వేపుడు నేర్చుకుని వెళ్లింది. పోపు విషయం మాత్రం చెప్పి పంపండి. ఆవాలు, ఎండుమిర్చి నూనెలో వేసిన అరనిమిషానికి అక్కడి పొగ అలారం ఇల్లెగిరేలా మోగుతుంది. కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేసి, మంట తగ్గించి పోపు పెట్టడం ఇక్కడే అలవాటు చేయాలి. పసుపు మరక వాళ్ల తెల్లటి వంటగట్టు మీద పడితే పోదు.

బాత్‌రూమ్ గురించి తప్పక చెప్పండి. మన బాత్‌రూమ్‌లో ఎక్కడ నీళ్లు పడినా తూములోకి పోతాయి. అక్కడ నేల మీద తూము ఉండదు. టబ్బులో నిలబడి, ప్లాస్టిక్ తెరను టబ్బు లోపలి వైపుకు వేసుకుని స్నానం చేయాలి. తెర బయటికి వేలాడితే నీరంతా నేల మీదికి, అక్కడి నుంచి చెక్క అంతస్తు దాటి కింది గది పైకప్పుకు చేరుతుంది. మా అమ్మాయి రెండో రోజే ఆ పని చేసింది. కింద వాళ్ల అమ్మమ్మ తల మీద చుక్కలు పడ్డాయట. తలకు నూనె రాసుకుని పడుకునే అలవాటు ఉంటే దిండు మీద పాత తువ్వాలు వేసుకోమనండి.

ఇక వద్దండి సంగతి. ఇంట్లో ఒక ఆట పెట్టండి. వారం రోజులు ఎవరు ఏది అడిగినా ఒక్కసారే అడగాలి, జవాబు అవును లేదా కాదు మాత్రమే ఉండాలి. వద్దన్నాక మళ్లీ పెట్టకూడదు. మొదటి రెండు రోజులు నానమ్మ గారికి మహా కష్టంగా ఉంటుంది. పిల్ల మాత్రం ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పడం నేర్చుకుంటుంది. దీనికి తోడు మూడు వాక్యాలు ఇంగ్లిషులో నోటికి రావాలి: నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్తారా? నేను ఏం సాయం చేయను? ఇది నాకు ఇబ్బందిగా ఉంది. మూడోదే మన పిల్లల నోట రాదు.

పిలుపు దగ్గర కూడా తడబాటు వస్తుంది. అక్కడ పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవమంటారు. మన పిల్లకు నోరు రాదు, అందుకని అసలు పిలవడమే మానేసి పక్కన నిలబడి గొంతు సవరించుకుంటూ ఉంటుంది. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని మొదటి రోజే అడగమని చెప్పండి.

పెట్టె

సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు. మీ టికెట్టులో ఎంత ఉందో చూసుకోండి. చలికోటు ఇక్కడ కొనకండి. అయోవాలో జనవరిలో మైనస్ 20 డిగ్రీలకు దిగడం వింత కాదు, ఆ చలికి తట్టుకునేవి అక్కడే, వాడిన బట్టల దుకాణాల్లో చవకగా దొరుకుతాయి.

కందిపొడి, కారప్పొడి పెద్ద పెట్టెలో పెట్టండి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్ల డబ్బాకు మించిన పొడి ఉంటే విప్పి పరీక్షిస్తారు, తీసేయించవచ్చు కూడా. కోడి పచ్చడి, మాంసం పచ్చడి, పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు వద్దు. కరివేపాకు మీద ఉండే పురుగు నిమ్మజాతి చెట్లకు తెగులు తెస్తుందని వాళ్లకు పట్టింపు. తీసుకెళ్లిన తినుబండారాలు కస్టమ్స్ దగ్గర దాచకుండా చెప్పాలి. చెబితే మహా అయితే పారేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు.

కానుకలకు ఏటికొప్పాక లక్క బొమ్మలు మంచివి. తేలిక, పగలవు, పిల్లలకూ పెద్దలకూ నచ్చుతాయి. పోచంపల్లి ఇక్కత్ బల్లగుడ్డ ఒకటి. వాటిని ఎక్కడ, దేనితో చేస్తారో పిల్లకు నాలుగు వాక్యాలు తెలిసి ఉండాలి. "నువ్వు మాట్లాడేది హిందీయా?" అని బడిలో కనీసం యాభై మంది అడుగుతారు. తెలుగు గురించి చెప్పి, వాళ్ల పేరు తెలుగు అక్షరాల్లో రాసి ఇస్తే సగం స్నేహాలు అక్కడే మొదలవుతాయి.

డబ్బు, ఫోను, బంధువులు

మేము నెలకు 200 డాలర్లు అనుకున్నాం, ఫారెక్స్ కార్డులో వేశాం. మామూలు నెలలకు సరిపోయింది. ఆటల బూట్లు, ఇయర్‌బుక్ (బడి ఏడాది ఫోటోల పుస్తకం), ప్రామ్ (బడిలో జరిగే నాట్య వేడుక) గౌను వచ్చిన నెలల్లో సరిపోలేదు. విడిగా 500 డాలర్లు అత్యవసరానికి ఉంచండి. ఉద్యోగం చేయకూడదు. అప్పుడప్పుడు పిల్లలను చూసుకోవడం, గడ్డి కోయడం వంటి చిన్న పనులకు మాత్రం నియమాలు ఒప్పుకుంటాయి. కారు నడపకూడదు.

ఫోను వారానికి ఒకసారి. ఇది పిల్లలకంటే మనకు కష్టం. మేము ఆదివారం ఉదయం 8 గంటలు పెట్టుకున్నాం, అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు ఎనిమిదిన్నర అవుతుంది. రోజూ వీడియో కాల్ చేస్తే పిల్ల శరీరం అక్కడ, మనసు మీ వంటింట్లో ఉంటుంది. అక్టోబరు నాటికి కొత్త మోజు తగ్గి, డిసెంబరులో చీకటి త్వరగా పడుతున్నప్పుడు దిగులు ముదురుతుంది. ఆ నెలల్లో "వచ్చెయ్యనా?" అని అడగవచ్చు. వెంటనే అవుననీ కాదనీ అనకండి, పది రోజులు ఆగమనండి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెదనాన్న గారో బాబాయి గారో ఉండని తెలుగు ఇల్లు ఇప్పుడు అరుదు. "పండక్కి పంపించండి, వారం ఉంచుకుంటాం" అంటారు, ప్రేమతోనే. సంస్థలు మొదటి నెలల్లో ఒప్పుకోవు, తర్వాతైనా ముందస్తు అనుమతి కావాలి. ముందే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి, మొహమాటం మీ మీద వేసుకోండి, పిల్ల మీద వేయకండి.

భద్రత

కుటుంబంలోని పెద్దలందరి నేర చరిత్ర తనిఖీ చేశాకే పిల్లలను ఉంచాలని నియమం. పిల్ల ఉన్న చోటికి 120 మైళ్ల లోపు సంస్థ తరఫున ఒక స్థానిక కోఆర్డినేటర్ ఉండాలి, నెలనెలా పిల్లతో మాట్లాడాలి. ఆ నంబరు, 911 (అక్కడి పోలీసు, అంబులెన్సు నంబరు), సంస్థ అత్యవసర నంబరు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టించండి. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరైనా అసౌకర్యంగా తాకినా, రహస్యంగా ఉంచమన్నా, తిండి సరిగ్గా పెట్టకపోయినా చెప్పాలి. "వాళ్లు ఉచితంగా ఉంచుకున్నారు కదా, నోరు తెరిస్తే కృతఘ్నత" అని మన పిల్లలు అనుకుంటారు. అలా అనుకోవద్దని ఇక్కడే కూర్చోబెట్టి చెప్పండి. కుటుంబం మారడం తప్పు కాదు, తరచూ జరిగేదే.

ఆదివారం చర్చికి రమ్మంటే ఇష్టమైతే వెళ్లవచ్చు, అక్కడ ఊరంతా కలుస్తుంది. బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు.

అక్కడి బడి

మొదటి వారం బడి కౌన్సెలర్‌తో కూర్చుని పాఠ్యాంశాలు ఎంచుకోవాలి. ఇంగ్లిషు, అమెరికా చరిత్ర సాధారణంగా తప్పనిసరి. లెక్కల్లో మన పిల్లలు కాస్త ముందుంటారు కాబట్టి కిందిస్థాయి తరగతిలో కూర్చోబెట్టకుండా పది మెమో చూపించండి. మిగిలిన గంటల్లో ఇక్కడ దొరకనివి తీసుకోమనండి, వడ్రంగమో, నాటకమో, కుండల పనో. ఆటల జట్టులో చేరడం అన్నిటికంటే మేలు. ఆట రాకపోయినా పరుగు పందాల జట్టుల్లో చాలాచోట్ల అందరినీ తీసుకుంటారు. డిప్లొమా, అంటే హైస్కూలు పూర్తిచేసినట్టు పట్టా, అన్ని బళ్లూ ఇవ్వవు, ఆశ పెట్టుకోకండి.

తిరుగు ప్రయాణం

మే ఆఖరుకు బడి మూస్తారు. కార్యక్రమం ముగిశాక 30 రోజుల వెసులుబాటు ఉన్నా, ఇంటర్ ప్రవేశాలు దృష్టిలో పెట్టుకుని జూన్ మొదటి వారానికే టికెట్టు తీయండి. చాలా కాలేజీలు ఖాళీ ఏడాదికి నోటరీ చేసిన గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయి. దానికి తోడుగా డీఎస్-2019 నకలు, అక్కడి బడి ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) జతచేస్తే ప్రశ్నలు తగ్గుతాయి.

ఆ ట్రాన్స్‌క్రిప్ట్ విషయం ఏప్రిల్‌లోనే పిల్లకు గుర్తుచేయండి. బడి ముద్రతో, కవరు అతికించి, కనీసం రెండు ప్రతులు తీసుకోవాలి. మేము ఒక్కటే తెచ్చుకున్నాం. ఇక్కడ కాలేజీలో కవరు చింపి తీసుకుని ఫైల్లో పెట్టేశారు. రెండోది కావాల్సి వచ్చేసరికి అక్కడ వేసవి సెలవులు. ఆఫీసులో ఫోను ఎత్తేవారు లేరు, ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది.